బొడ్డవర గేటు

నాలుగుంపావుకి మూడు లాంతర్ల దగ్గర.
ఎస్.కోట దాకా ఎవరి తొక్కుడు వాళ్లది.
ఇంతవరకే పెన్సిలు సులువుగా నడిచింది.

మ్యాపులో ఘాట్ రోడ్డు
గోడ మీద జారిన వానచుక్క గీత.
అది పిక్కలకి ఎంతో
మ్యాపుకేం తెలుసు?

లెక్క ముందువాడితో కట్టకూడదని
పోయిన ఆషాఢంలో నేర్చుకున్నాను.
మేమంతా పైన టీలు తాగి ఫొటోలు దిగుతుంటే
అసిరితల్లి నాలుగో మలుపులో
ఊడిన చైనుతో, నల్లటి చేతులతో, ఒక్కర్తీ.
ఏమీ అనలేదు.
"రోడ్డు బాగుంది" అంది, అంతే.

అందుకే ఈసారి
కొండ కనిపిస్తే మేకపిల్లయిపోయే దాలినాయుడు
చిట్టచివర తొక్కుతాడు.
"నానా? ఎనకాలా?"
నువ్వే. పంపూ, చైను లింకులూ నీ సంచీలోనే.

ప్రతి మూడో మలుపులో ఆగాలి.
చివరి మనిషి వచ్చి, నీళ్లు తాగి,
మాట్లాడేంత ఊపిరి తిరిగొచ్చాకే కదలాలి.
తను రాగానే మనం బయల్దేరితే
ఇంతసేపూ ఆగింది ఎవరి కోసం?

కాగితం మీద రాయనిది ఒకటుంది.
బొడ్డవరలో గేటు పడాలి.
ఇనుపరాయి గూడ్సు, ఎన్ని పెట్టెలో,
తాపీగా పోతుండాలి.
చిరచిరలాడే ముందువాళ్ల పక్కకి
చీకట్లోంచి ఒక్కో లైటూ వచ్చి ఆగుతుండాలి.

గేటు లేచేసరికి
కొండ ఇంకా మొదలవలేదు,
పద్నాలుగు లైట్లు.