సింత్రా లైను

లిస్బన్ నుంచి ఒక్కో స్టేషను దాటేకొద్దీ
అద్దె యాభై యూరోలు దిగుతుంది,
జుల్మీరా నిద్ర పావుగంట తరుగుతుంది.

అమదోరాలో గది చూపించినాయన
గోడ మీది బూజుకి బీరువా అడ్డం పెట్టాడు.
కెలుష్‌లో, "పిల్లలున్నారా?" అని అడిగి
జవాబు వినకుండానే తలుపు దగ్గరికి వేశారు.

ఇక మిగిలింది కసేం.
నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు.
రెండు నెలల అడ్వాన్సు, రసీదు అడక్కూడదు.
వంటింటి కిటికీ కిందే పట్టాలు.
"బండి పోయినప్పుడల్లా గ్లాసులు మోగుతాయి,
అదే అలవాటవుతుంది" అంది ఇల్లుగలావిడ,
తాళంచెవిని ఇంకా వదలకుండా.

ఆ రాత్రి చాప మీద
వాల్దీర్‌కి దుప్పటి కప్పుతూ చెప్పింది జుల్మీరా:
పొద్దున్న అయిదున్నరకి గ్లాసులు మోగితే
భయపడకు,
అది నేనే.