కాంటా

సిత్రాల మా క్యాంపు పక్క సందుల
కార్గో దుకాణం. సామాన్లు జోకే కాంటా ఒకటి.
శుక్రవారం శుక్రవారం
దాని మీద నన్ను నేను జోకుకుంట.
యాభై ఒకటి.
శంసుద్దీన్ కళ్లద్దాలు ఎగేసి అంటడు:
"రెండు పెట్టెలంత గూడ లేవు రాజలింగూ,
టేపు చుట్టి పంపియ్యాల్నా?"

మా తాత బక్కోడే, మా చిన్నాయిన బక్కోడే.
మా ఇంట్ల ఎవలి అంగి ఎవలికైనా వస్తది.
బంతిల కూసుంటే వడ్డించేటోడు అలిసిపోతడు,
లేస్తే బెల్టు మళ్ల ఆ పాత బొక్కకే.
తిన్నది పెయ్యికి పట్టని పుట్టుక,
గట్లనే అనుకున్న ఇరవై ఆరేండ్లు.

పై మంచం తేజ్ గురుంగ్ నమ్మలే.
ఒక నోటుబుక్కు ఇచ్చిండు: "తిన్నదంతా రాయి."
వారం రాసిన.
చాయ, చాయ, రొట్టె, చాయ, ఇంత అన్నం, చాయ.
నేను మస్తు తింటననుకున్నది
మూడు పెండ్లిళ్ల యాది మాత్రమే.

అప్పటిసంది తినుడు గూడ డ్యూటీ అయింది,
ఆకలిని అడుగకుంట చేసే డ్యూటీ.
గుడ్ల ట్రే కోసం సిగరెట్లు బందు పెట్టిన.
తెల్లారగట్ల నాలుగింటికి
ఎనిమిది మంది నిద్ర చెడకుంట
ఫోను వెలుగుల నాలుగు గుడ్లు పొట్టు తీస్త.
గుడ్డు పొట్టుకు అంత చప్పుడుంటదని
అంతకుముందు తెల్వదు.
బస్సుల పల్లీలు. పదింటికి ఖుబ్జుల ఫూల్ చుట్టుకొని.
పగటీలి ఎండల బుక్క గొంతు దిగదు,
లబన్ తోని నూకుత.
జీతమొచ్చిన వారం కోడి, మిగిలిన మూడు వారాలు పప్పు.

ఒకనాడు బస్సులనే కక్కుకున్న.
డ్రైవర్ హమీద్ ఏమనలే,
నీళ్ల సీసా ఎనుకకు చాపిండు.
నోటుబుక్కుల ఆ రోజు రాసిన:
గుడ్లు నాలుగు, నిలిచినయి సున్న.
పదింటికి మళ్ల మొదలు.

రాత్రి డాబా మీద
పెయింటు డబ్బాలల్ల ఇసుక నింపి, నడుమ పైపు పెట్టి
లేపుత. సముద్రం దిక్కుకెల్లి వచ్చే గాలి
ఉక్కపోతనే మోసుకొస్తది.
నెల తిరిగే వరకు మూడు వందల గ్రాములు.
కాంటా తప్పేమో అని రెండుసార్లు దిగి ఎక్కిన.

ఎందుకంత కష్టం అంటరా?
నా పని ఏసీ డక్టులల్ల దూరుడు.
వర్గీస్ ఫోర్‌మన్ హోటలోళ్లకు నన్ను
పానా చూపిచ్చినట్టే చూపిస్తడు: "ఇది పడుతది లోపట."
డక్టుకు అర దినారు ఎక్కువ.
బొక్కలు మలుపుకొని, ఊపిరి సగం ఇడిచి,
పెయ్యి లేనోని లెక్క లోపలికి పోత.
టిన్నుకు తగలకుంట పోవుడే నా పనితనం.

పదో నెల. జుఫేర్ల హోటలు, ఏడో అంతస్తు.
మలుపు కాడ ఆగిపోయిన.
ముందుకు పోను, ఎనుకకు రాను.
ఒక్క నిమిషం సచ్చిననే అనుకున్న.
తర్వాత సమజైంది,
టిన్నుకు ఆనినయి నా రెట్టలు రెండు అని.
నవ్వొచ్చింది. ఆపుకోలేక నవ్విన.
ఆ నవ్వు జాలీ జాలీలకెల్లి
ఎన్ని గదులల్ల దిగిందో,
ఏ దొర మంచం మీద లేచి కూసున్నడో.

కాళ్లు పట్టి గుంజిండ్రు. అర దినారు పోయింది.
ఇప్పుడు మొగిలి అనే పిల్లగాడు దూరుతున్నడు,
పంతొమ్మిదేండ్లు, కందికట్టె.
నేను కింద నిలవడి లైటు పడుత.
దిగినంక వానికి ఒక గుడ్డు ఇస్త,
వర్గీస్ చూడకుంట.

ఈ శుక్రవారం యాభై ఎనిమిది.
"చెప్పులు ఇడువు" అన్నడు శంసుద్దీన్.
ఇడిచిన. యాభై ఏడున్నర.
చెప్పులు గూడ కాంటా మీద పెట్టుమన్న.
అవి గూడ నా కష్టమే.