వైరు లేని ఇల్లు

కొత్తవాడల మూడొందల ఇండ్లకు
వైరు గుంజిన మనిషి మా ఆయన.
ఏ గోడకు ఏ మేకు, ఏ స్తంభం మీద ఏ డబ్బ,
ఎవరింట్ల రిమోటు బట్టల పెట్టెల దాస్తరో
అది గూడ ఎరుకే.
పదహారేండ్లు.
ఓదేలన్నా, బొమ్మ వస్తలేదే అని ఫోన్ మోగితె
ముద్ద ఇడిసి లేచెటోడు.

నాలుగు నెలల జీతం బాకి పెట్టి
ఓనరు లైను ఎవరికో అమ్ముకున్నడు.
కొత్తోళ్లు వచ్చి, మీ ఇంటికి గూడ
నెలకు మూడొందలు కట్టాలె అన్నరు.
ఈయన ఏమనలే.
నిచ్చెనేసి ఎక్కిండు,
మా ఇంటి వైరు తనే కత్తిరించిండు,
మోచేతికీ బొటనవేలుకూ నడుమ
అత్త నూలు చుట్టినట్టు చుట్టి
వాళ్ల ఆఫీసు గడప మీద పెట్టొచ్చిండు.

మూడొందలంటె నాకు
మగ్గం గుంతల ఒక పొద్దంత,
జంపఖాన మీద రెండు ఎర్ర చారలు.
అందుకే నేను గూడ ఏమనలే.

పాత ఇనుప సామాన్ల కొట్లె
నూటయాభైకి డిష్షు తెచ్చిండు,
నెలనెల కట్టుడు లేనిది.
తుప్పు కనబడకుంట నీలం రంగేసిండు.
ఆదివారం పొద్దంత
పైన ఆయన, మెట్ల మీద అఖిల, టీవీ ముంగట నేను.
వచ్చిందా?
రాలే.
ఇప్పుడు?
వచ్చింది... పోయింది.
పోయిందని పిల్ల అరిచే లోపట మళ్ల వస్తది.
ఆకాశంల ఎక్కడున్నదో దాని గూడు,
వెంట్రుక మందం జరిగినా అలుగుతది.
ఆఖరికి పానా చెయ్యి జారి పడ్డ దెబ్బకు
డిష్షు అదిరి, బొమ్మ నిలిచింది.
ఇగ దాన్ని ఎవ్వరు ముట్టొద్దన్నడు.
బట్టలు ఆరేసెతందుకు గూడ
నన్ను ఆ దిక్కు రానియ్యడు.

ఎనభై చానెళ్లు.
అందుల మన మాట మాట్లాడేటియి రెండో మూడో.
ఒకదాంట్ల మిర్పతోటకు తామర పురుగు మందు,
ఒకదాంట్ల పొద్దుగూకిన వార్తలు.
మిగిలినయన్ని భోజ్‌పురి, ఇంకేందో.
మా అత్తకు మాత్రం అన్ని సమజైతయి.
ఆకు వక్క దంచుకుంట చెప్తది:
గా పచ్చచీరామె ఉన్నది సూడు, పెద్దకోడలు,
తాళంచెవి పోగొట్టుకున్నది, అందుకే ఏడుస్తది.
తెర మీద తాళంచెవి ఎక్కడ కనబడదు.
అయినా మూడు రోజులు మేం దాన్ని ఎతికినం.
నాలుగో రోజు అత్త
దొరికిందట, బియ్యం డబ్బల ఉన్నదట అన్నది.
మాకు నిద్ర పట్టింది.

కనకలక్ష్మి గోడ, మా గోడ ఒక్కటే.
ఎనిమిదింటికి ఆ గోడ ఏడుస్తది,
నేను ఇన్నేండ్లు చూసిన సీరియలు.
మొఖాలు గుర్తున్నయి కనక మాటలింటె చాలు.
కొత్త గొంతు వస్తెనే కష్టం,
దానికి ఏ మొఖం పెట్టాల్నో తెల్వదు.
ఒకామెకు నా చిన్నప్పటి లెక్కల టీచరమ్మ మొఖం పెట్టిన.
బాగనే ఉన్నది, జర కోపం ఎక్కువ.

నిన్న రాత్రి వాన.
మా డిష్షుకు మబ్బంటె పడది.
నీలం తెర మీద, సిగ్నల్ లేదని రాసున్న చిన్న డబ్బ
ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతున్నది.
అత్త దానికి గూడ కథ చెప్పబోయి ఊకున్నది.
అంతల గోడ గూడ ఊకున్నది.
వాడ వాడంత ఊకున్నది.

ఓదేలన్నా!
ఛత్రి పట్టుకొని కనకలక్ష్మి పెనిమిటి,
ఎనక ఇంకో నలుగురు.
కొత్తోళ్లు ఫోనెత్తుతలేరట.
నేను ఆయన మొఖం చూడలే, చెయ్యి చూసిన.
ముద్ద ఇడిసింది.

అర్ధగంటకు నిలువునా తడిసి వచ్చిండు,
సల్లారిన పళ్లెం ముంగట కూసున్నడు.
గోడ అవతల ఎవరో మళ్ల ఏడ్వబట్టిన్రు.
మా తెర ఇంక నీలంగనే ఉన్నది.
పైసలిచ్చిన్రా అని నేనడగలే.
అత్త మాత్రం రోలు పక్కకు జరిపి అన్నది:
సగం సమజైతలేదు బిడ్డా,
జర సప్పుడు పెంచమను వాళ్లను.