నలభై ఎనభై

అజ్మాన్ జుర్ఫ్‌ల మా రూము: ఆరు మంచాలు, ఒక ఫ్రిజ్జు.
ఫ్రిజ్జుకూ కిటికీకీ నడుమ
నూట ముప్పై సెంటీమీటర్ల పొడుగు, అరవై వెడల్పు,
ఎవ్వరి పేరు మీద లేని జాగ.
టేపు పెట్టి మూడుసార్లు కొల్చిన.
మూడుసార్లూ అంతే ఉన్నది.

పోయిన నెల దాంక స్టీరింగు
తినే బల్లకు బిగించుకున్న.
నేను మలుపు తిప్పితే
యాకూబు పప్పుగిన్నె నాకన్నా ముందు తిరిగేది.
బ్రేకు తొక్కితే కుర్చీ ఎనుకకు జరిగేది.
బండి ఆగేది గాదు,
నేను పోయి గోడకు ఆగెటోన్ని.

మడత స్టాండు చూసిన.
సన్న కాళ్లు, ఎండిన చెరువుల కొంగ లెక్క.
ఇనుప గొట్టాలది చూసిన.
మోకాళ్ల నడుమ ఒక రాడ్డు లేసి
"ఏడికి దిగుతవ్?" అని అడుగుతున్నట్టున్నది.
ఇగ మిగిలింది అల్యూమినియం.
అది మా లింబాద్రి ఇలాక.
పొద్దంత కిటికీ చట్రాలు కోసి వస్తడు,
తానం జేసినంక గూడ దిండు మీద వెండి పొట్టు.

"తొమ్మిది వందల దిర్హాములది ఉన్నది,
పదమూడు వందలది ఉన్నది" అన్న.
ఫోన్ల బొమ్మను రెండు వేళ్లతోటి సాగదీసి
ధర చూడలే, మూలలు చూసిండు.
"సీటు కింద నలభై-నలభై చాలు.
పాదాల కింద మాత్రం నలభై-ఎనభై వెయ్యి,
మనిషి కోపమంత కాళ్లల్లనే ఉంటది.
మూలకు రెండు బోల్టులు ఇచ్చేటోని దగ్గర కొను.
ఒక్కటి ఇచ్చేటోడు నిన్ను తూకం వెయ్యలే."
"మీ షాపుల మిగిలిన ముక్కలు పనికిరావా?"
నవ్విండు.
"అవి గాలిని ఆపేటియి. నిన్ను ఆపయి."

ఎనభై అంటే నాకు వేరే లెక్క.
నా నీళ్ల ట్యాంకరు ఎనభై దాటితే
డాష్‌బోర్డుల ఒక పిట్ట అరుస్తది.
పదకొండేండ్ల సంది ఆ పిట్టతోటే కాపురం.
ఎనుక ఐదు వేల గ్యాలన్ల నీళ్లు.
నేను బ్రేకు తొక్కినంక గూడ
అవి ఇంకొంచెం సేపు ముందుకే నడుస్తయి.

ఆ పైసలకు సీటు రాదు.
శుక్రవారం షార్జా సజా తుక్కు బజారుకు పోయినం.
గుద్దుకున్న కార్ల సీట్లు
మట్టిల వరుసగ కూసున్నయి, ఎదురుంగ రోడ్డు లేకున్న.
ఒకటి మంచిగున్నది, నూట యాభై.
సందుల చెయ్యి పెడితే ఖర్జూర గింజ,
ఒక పసుపుపచ్చ తలక్లిప్పు, చిన్నది.
"అందరూ బతికిన్రు," అన్నడు షేర్‌జమాన్,
నేను అడగకముందే.
పట్టాల మీద సీటు బాగ ముందుకు జరిపి ఉన్నది.
పొట్టి మనిషో, తొందర మనిషో.
క్లిప్పు ఆడనే పెట్టి పక్క సీటు తీసుకున్న.
ఇరవై ఎక్కువైంది. లింబాద్రి ఏమనలే.

పెట్టె వచ్చిన రాత్రి
నడవనీకె జాగ లేదు, అన్నం ఫ్రిజ్జు మీద వండినంత పని.
గాడిల నట్టు జారిచ్చి తిప్పితే
లోపల అడ్డం తిరిగి, కనబడకుంట పట్టుకుంటది.
ఇంత మంచి పట్టు నాకు ఈ దేశంల
ఇంకేడ దొరకలే అనబోయి ఊకున్న.
ఎల్ ఆకారం చెవి ఒకటి మిగిలింది, జేబుల ఏసుకున్న.

మొదటి లాప్. తిన్నటి రోడ్డు.
డెబ్బై. డెబ్బై తొమ్మిది.
ఎనభై కాడ
నా కాలు దానంతటదే లేసింది.
పిట్ట అరవనేలే.
ఎనుక కార్లన్నీ రయ్యిన దాటిపోయినయి.
యాకూబు నవ్వలేక పై మంచం ఊపుతున్నడు.
మల్ల తొక్కిన. మల్ల లేసింది.

లింబాద్రి తెర దిక్కు చూడనేలే.
నేల మీద కూసొని
పెడల్ పలక మూల మీద చూపుడువేలు ఆనిచ్చి ఉన్నడు,
నాడి చూస్తున్నట్టు.
"గట్టిగ తొక్కు," అన్నడు.
తొక్కిన.
"ఊగుతలేదు," అన్నడు. "ఇంక గట్టిగ."