నువ్వుల నూనె, పావు లీటరు

మూడోసారి కూడా
నా బొటనవేలు నాది కాదంది మిషను.
అద్దం మీద ఆనించి, తుడిచి, మళ్ళీ ఆనించినా
ఎర్రలైటే.
గాజు కిటికీ వెనక గుమాస్తా విసుక్కోలేదు, పాపం.
తన అరచెయ్యి తానే రుద్దుకుని చూపించాడు:
నూనె పెట్టు, పదిరోజులాగి రా.
అకామా ముగియడానికి పదమూడు రోజులుంది.

పదకొండేళ్ళుగా ఫర్వానియాలో
నేను చేసే పనల్లా వేలిముద్రలు చెరపడం.
లిఫ్టు మీటల మీదివి, ఫ్రిజ్జు తలుపు మీదివి,
పిల్లలు ఎంగిలి చేత్తో పట్టుకున్న గాజుబల్ల మీదివి.
గ్లవుజులిస్తారు, నెలకో జత.
ఎవరివి చెరపాలో ఎవరివి ఉంచాలో
బ్లీచు నీళ్ళకి ఎవరు చెప్పారు గనక?

చేతులు కాలాక ఆకులంటారు.
ఇక్కడ ఆకులెక్కడివి? సీసాలున్నాయి.

శుక్రవారం సూపర్ మార్కెట్లో గోడంతా సీసాలే.
ప్రతిదాని మీదా సహజం అని రాసుంది,
ప్రతిదాని మీదా ఓ పచ్చటి ఆకు.
బాదం బొమ్మున్నదాంట్లో బాదం
నేతిబీరలో నెయ్యంత.
గులాబీ వాసనది పోయినేడు కొన్నాను,
పగుళ్ళలోకి దిగి మిరప్పొడి చల్లినట్టు మండింది.
చెట్టు లేని ఊరని ఆముదాన్నీ నమ్మాను;
వేళ్ళని పట్టుకుని వదల్దు, గుడ్డ జారిపోతుంది.
ఉత్త గ్లిజరిను రాస్తే ఈ ఎండు గాలికి
ఉన్న తడి కూడా బైటికి లాగేస్తుందని
మందుల షాపు బీరాన్ ఇక్కా చెప్పాడు,
తన కొట్లో సరుకు తనే వద్దని.
కొబ్బరినూనె మంచిదే.
కానీ జనవరి తెల్లారుజామున సీసాలో రాయైపోతుంది.
ఐదింటికి బస్సు. కరిగేదాకా ఎవరాగుతారు?

మా గదిలో అచెంగ్‌కి ఒక షియా వెన్న ముద్దుంది.
ఉగాండా నుంచి ఎవరో తెస్తే పేపర్లో చుట్టి దాచుకుంది.
పొగ వాసన. గోటితో గీకి ఇస్తుంది, అడక్కుండానే.
ముద్ద చిన్నదైపోతోందని నేనే చెయ్యి చాపను.

చివరికి ముబారకియా సందులో
సూడాన్ ముసలాయన నూనె కొట్టు.
సిమ్‌సిమ్ అన్నాడు. నువ్వులన్నాను.
ఇద్దరం ఒకే గింజని చూసి నవ్వుకున్నాం.
తినడానికా, ఒంటికా అని సైగ చేశాడు.
చేతులు చూపించాను.
ఇంకేం అడగలేదు. మోచేతి మడతలో ఒక చుక్క వేసి
రేపటిదాకా చూడు, ఎర్రబడకపోతే అప్పుడు కొనమన్నాడు.
సరుకు వద్దనే షావుకార్లు
ఒకే వారంలో ఇద్దరు తగిలారు నాకు.

ఎర్రబడలేదు. పావు లీటరు, దీనారున్నర.

గుట్టేం లేదు.
కడిగాక చేతులు పూర్తిగా తుడవకూడదు,
తడి ఉండగానే రాయాలి. నూనె నీళ్ళివ్వదు,
ఉన్న నీళ్ళకి కాపలా కాస్తుంది, అంతే.
పైన పాత నూలు మేజోళ్ళు తొడిగాను, చేతులకి.
కాళ్ళెక్కడున్నాయో మర్చిపోయావా అని నవ్వింది అచెంగ్.
నవ్విన నోరు మూయకముందే ఆమె మడమలకీ రాశాను.

మూడో రోజు మంట తగ్గింది.
ఐదో రోజు చీర మడతపెడుతుంటే
వేలికి పోగు తగులుకోలేదు.
ఏడో రాత్రి, దుప్పట్లో, ఫోను వెలుగులో చూసుకున్నా:
చూపుడువేలి మీద సన్నగా, దున్నిన చాళ్ళలాగా
ఒకదాని పక్కన ఒకటి వంగి, గీతలు.
బొటనవేలు నడుమ మాత్రం ఇంకా బీడే.

ఎల్లుండి మిషను ఏమంటుందో తెలీదు.

ఇవాళ ఎనిమిదో అంతస్తులో
గాజుబల్ల తుడిచి, బకెట్టెత్తబోతూ
చెయ్యానించాను కాబోలు,
అంచు మీద జిడ్డుగా నాలుగు వేళ్ళు.
నావే.
గుడ్డ చేతిలోనే ఉంది.
ముందు కిటికీలు తుడిచాను.
తర్వాత తలుపు పిడులు.
తర్వాత, అక్కర్లేకపోయినా, మళ్ళీ కిటికీలు.