నా వంతు అద్దం

బిస్కెట్ డబ్బా బోర్లిస్తే
మంచం మీద పద్దెనిమిది వేల నాలుగు వందలు.
యాభైలు, వందలు, నడుమ నడుమ ఐదువందలు.
కొన్నిటి అంచులకు ఎర్రటి వేలిముద్రలు,
అన్నిటికీ గోరింటాకు కోను వాసన,
నీలగిరి నూనె ఘాటు.

పదిహేడేండ్ల పిల్ల.
టోలిచౌకిల సబీహా వాళ్ల ఖాలా దుకాణం ముంగట
ప్లాస్టిక్ స్టూలు మీద, చాంద్ రాత్ నాడు రెండింటి దాకా
ఎవరెవరి అరచేతులో ఒళ్లో పెట్టుకొని
తీగలు పారిచ్చింది.
మాఘమాసం పెండ్లిళ్లల్ల
ముషీరాబాద్ ఫంక్షన్ హాలు మెట్ల మీద
చేతికి నూటేభై,
బేరమాడినోళ్లకు వంద.
మెడ పట్టేసి మూడు రోజులు పక్కకు తిరగలేదు.
బామ్ రాసింది నేను.
పైసలు లెక్కబెట్టుకున్నది అది.

"ఫోను కొంటనమ్మా" అన్నది.
అడగలే. చెప్పింది.
ఆ రెండిటి నడుమ సందుల
నేను కొంచెం సేపు నిలవడ్డ.

నోట్ల చానా మాటలున్నయి నాకు.
సరోజక్క చీటీల ఒక పేరు ఖాళీ ఉన్నదని,
బస్సు ఫీజు రెండో కిస్తు జూన్ల వస్తదని,
పాత ఫోను అద్దం పగిలితే ఏమాయె,
హలో అంటే పలుకుతలేదా అని.
చీరకు ఫాల్ కుట్టేటప్పుడు
సూది పండ్ల నడుమ పట్టుకున్నట్టు
అన్నిటినీ అట్లనే పట్టుకున్న.
నోరు తెరిస్తే గుచ్చుకుంటయి,
ఎవరికన్నది తెల్వదు.

జగదీశ్ మార్కెట్ల నడవాలంటే భుజాలు మడుచుకోవాలె.
ప్రతి దుకాణపోడు "రండి మేడం" అని నన్నే పిలుస్తడు.
సంచి నా చంకల ఉన్నది కదా, అదీ వాళ్ల నమ్మకం.
నేను పక్కకు చూపిస్త.
మా ఋత్విక కాగితం మడత విప్పి
బ్యాటరీ ఎంత, బిల్లు మీద ముద్ర ఉంటదా,
వారంటీకి ఏడికి రావాలె,
తెలుగుల ఒకసారి, ఉర్దూల ఒకసారి.
"ఆఖరీ బోలో భయ్యా" అన్నప్పుడు
ఉలిక్కిపడ్డ.
కోఠిల ముప్ఫై రూపాయలకు
మూడు దుకాణాలు తిరిగే నా గొంతు అది.

"మూడు వేలు తక్కువల ఇంకోటున్నది, చూడరాదే"
అన్న, ఉండబట్టలేక. ఒక్కసారే.
చూసింది. నా మర్యాదకు చూసింది.
మళ్ల తన దాని దగ్గరికే పోయింది.

దుకాణదారు నోట్లు లెక్కపెడుతూ
ముక్కు దగ్గర పెట్టుకొని నవ్విండు.
"మెహందీ కా పైసా?"
"మెహనత్ కా" అన్నది, నవ్వకుంట.

ఒక వంద తక్కువ పడ్డది.
నా సంచి జిప్పు సగం తీసిన.
నా చెయ్యి మీద చెయ్యేసి ఆపి
బస్ పాసు వెనుకకెల్లి మడతల నోటొకటి తీసింది.

"గ్లాసు కూడా వేయమంటారా, నూటేభై?"
"ఇదన్న నన్ను ఇయ్యనియ్యి" అన్న.
"సరే తియ్యి" అన్నది,
పెద్దమనసు చేసుకొని.

మెట్రోల డబ్బా ఒళ్లో పెట్టుకొని
తెరువకుంట కూసున్నది చిక్కడపల్లి దాకా.

నా మొదటి జీతం నేను చూడలే.
సేటు నాయన చేతికే ఇచ్చేటోడు.
నాయన మంచోడే.
అందులకెల్లే నాకు గాజులు తెచ్చిండు.
రంగు నేనడిగింది కాదు.

ఇరవై రోజులకు వంటింటి గడప కాడ
చెయ్యి జారి పడ్డది.
నా గుండె ముందు పడ్డది.
తీసి, తిప్పి చూసి, గోటితో అంచు లేపి
"నీ అద్దమే పోయిందమ్మా, ఫోనుకేం కాలే" అన్నది.
చెత్తబుట్టల వెయ్యబోతుంటే
"ఇటియ్యి" అని తీసుకొని
మిషను సొరుగుల, బాబిన్ల పక్కన పెట్టిన.

ఎందుకని అది అడగలే.
నేను చెప్పలే.