రేకు వెనక తేమ

మే నెల గుంటూరు. మిర్చి యార్డు మీంచి గాలి తిరిగితే
మా లేజరు గది కూడా తుమ్ముతుంది.

శౌరమ్మ రోజుకు మూడుసార్లు నేల తుడుస్తుంది.
పన్నెండేళ్ళు మిరపకాయలకు తొడిమలు తీసిన వేళ్ళు,
ఇప్పటికీ కంటికి తగలనివ్వదు.
"కారం రేణువొక్కటి అద్దం మీద వాలిందా,
అక్కడే కాలిపోద్ది అద్దం" అని
కొత్త కుర్రాళ్ళకు పాఠం చెప్పేది నేను కాదు, ఆవిడే.

రాత్రి ఒంటిగంట దాటి ఓల్టేజి కుదుటపడ్డాక మొదలుపెడతాం.
వెలుగును సాగదీస్తాం, బలం పోస్తాం, మళ్ళీ నొక్కేస్తాం.
చివరికి మిగిలేది
అరచేతి వెడల్పున, వెంట్రుక మందంలో పదోవంతు,
పూతరేకు లాంటి వెలుగు.
దాని వేడంతా కలిపినా గుక్కెడు టీ వెచ్చబడదు.
కానీ ఆ క్షణంలో
(క్షణం అనకూడదు, అది వచ్చి వెళ్ళినట్టు క్షణానికి తెలియను కూడా తెలియదు)
ఒక్క చుక్క మేర
రాగి, తను రాగినన్న సంగతి మర్చిపోతుంది.

ముందు ఎలక్ట్రాన్లు దూకుతాయి,
తెనాలి పాసింజరు ఆగీ ఆగకముందే దిగే కుర్రాళ్ళలా.
వాళ్ళ చేతికి చిక్కి ఈడ్చుకొచ్చిన మూటల్లా
వెనకే ప్రోటాన్లు.

వాటిని పట్టేది కళ్ళజోళ్ళ ప్లాస్టిక్కే,
లాలాపేటలో మస్తాన్‌వలి అరగదీసే సరుకే.
సోడాలో ఉడకేస్తే
కణం దూరిన చోటల్లా సన్నటి గుంట.
నిన్న ఒక్క గడిలో ఎనభై రెండు లెక్కపెట్టి,
అనుమానమొచ్చి, మళ్ళీ ఒకటి నుంచి.

అసలు సంగతి శౌరమ్మకెలా చెప్పాలో తెలీక వారం గడిపాను.
ఆ ప్రోటాన్లు రాగివి కావు.
రేకు వెనక ఎంత తుడిచినా వదలని
పల్చటి జిడ్డువి, గాలిలో తేమవి,
మనం వదిలిన ఊపిరివైనా కావచ్చు.
మచ్చలేని రేకు మాకేమీ ఇవ్వదు.

ఇవాళ చెప్పేశాను. మైక్రోస్కోపులో గుంటలూ చూపించాను.
ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.
"అయితే నే తుడిచిందంతా దండగేనా అమ్మాయ్?"
కాదు, అద్దాలకైతే... అని నేను నసుగుతుంటే
గుడ్డ పిండి బకెట్టు ఎత్తుకుంది.
"ఆ రేకొక్కటీ నువ్వుంచుకో. మిగతా గది నాది."

తలుపు దాకా వెళ్ళి, ఆగి, గట్టిగా తుమ్మింది.

రేపటికని బల్ల మీద పెట్టిన రేకు వైపు
ఇద్దరం ఒకేసారి చూశాం.